గ్రెటల్: ఎకనోమెట్రిక్స్ పీజీ విద్యార్థికి ఎంతవరకు పనికొస్తుంది?

ఎం.ఏ. ఎకనామిక్స్‌లోనో, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ ఎమ్మెస్సీలోనో చేరినవాళ్లకి మొదటి ఏడాదే వచ్చే సందేహం ఒకటుంది: రిగ్రెషన్లు (ఒక అంశం మిగతావాటితో ఎలా మారుతుందో అంచనా వేసే లెక్కలు) దేంట్లో చెయ్యాలి? స్టాటా సాఫ్ట్‌వేర్‌కి లైసెన్సు కొనాలి, ఈవ్యూస్‌కీ కొనాలి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉచితమే గానీ, ఇంతకుముందు ఎప్పుడూ కోడ్ రాయనివాళ్లకి ఆ భాష పట్టుబడేసరికే ఒక సెమిస్టర్ అయిపోతుంది. ఈలోగా తరగతిలో హెటెరోస్కెడాస్టిసిటీ (ఎర్రర్ల విస్తృతి అన్నిచోట్లా ఒకేలా లేకపోవడం) దాటి ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్ దాకా వెళ్లిపోతారు. ఈ ఖాళీని నింపే సాఫ్ట్‌వేర్ గ్రెటల్. పైసా కట్టక్కర్లేదు. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, పాత ల్యాప్‌టాప్ మీదైనా ఇబ్బంది పెట్టదు.

దీని మూలం శాన్ డియాగోలో ఉంది. కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఎకనోమెట్రిక్స్ చెప్పిన రాము రామనాథన్ తన విద్యార్థుల కోసం ఒక ప్రోగ్రామ్ తయారు చేశారు. అమెరికాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఆలిన్ కాట్రెల్ దాన్ని ఆధారంగా తీసుకుని, సీ భాషలో ఉచిత సాఫ్ట్‌వేర్‌గా పెంచారు. తర్వాత ఇటలీలోని అంకోనా నుంచి రికార్డో లుకెట్టి తోడయ్యారు. అంటే ఇది పాఠం చెప్పేవాళ్లు పాఠం కోసం కట్టిన సరుకు. మెనూలు కూడా పాఠ్యక్రమం వరసలోనే ఉంటాయి: ముందు మోడల్, ఆ మోడల్ విండోలోనే దాని పరీక్షలు, ఆ పక్కనే గ్రాఫులు.

ఇన్‌స్టాల్ చేయగానే మీ డేటా జోలికి వెళ్లొద్దు. 'ఫైల్' మెనూలో 'ఓపెన్ డేటా', అందులో 'శాంపిల్ ఫైల్' నొక్కితే రామనాథన్ డేటా సెట్లు కనిపిస్తాయి. వాటిలో 'డేటా4-1' తెరవండి. శాన్ డియాగోలోని యూనివర్సిటీ సిటీ ప్రాంతంలో అమ్ముడైన 14 ఇళ్ల వివరాలవి: ధర (వేల డాలర్లలో), విస్తీర్ణం (చదరపు అడుగుల్లో), పడక గదులు, స్నానపు గదులు. ధరని విస్తీర్ణం మీద మాత్రమే రిగ్రెస్ చేస్తే కాన్‌స్టెంట్ 52.351, విస్తీర్ణం కోఎఫిషియెంట్ 0.13875, ఆర్-స్క్వేర్డ్ (ధరల్లోని తేడాల్లో మోడల్ వివరించిన వాటా) 0.82 వస్తాయి. చదరపు అడుగు పెరిగితే ధర సుమారు 139 డాలర్లు పెరుగుతుందన్నమాట.

ఇప్పుడు పడక గదులు, స్నానపు గదులు కూడా చేర్చండి. విస్తీర్ణం 0.1548కి పెరుగుతుంది. పడక గదుల కోఎఫిషియెంట్ మాత్రం మైనస్ 21.588! గది ఎక్కువైతే ఇల్లు 21 వేల డాలర్లు చవకవుతుందా? చాలామంది ఇక్కడే డేటా తప్పనో, సాఫ్ట్‌వేర్ తప్పనో అనుకుంటారు. ఏదీ తప్పు కాదు. విస్తీర్ణం మారకుండా గది ఒకటి పెంచడమంటే ఉన్న చోటులోనే గోడ లేపడం. ప్రతి గదీ ఇరుకవుతుంది. పైగా స్టాండర్డ్ ఎర్రర్ (అంచనాలో ఉండే అనిశ్చితి కొలత) 27 దాటింది కాబట్టి ఆ అంకెని సున్నా నుంచి వేరు చేసి చూపించే బలం 14 ఇళ్లకి లేదు. ఆర్-స్క్వేర్డ్ 0.836కి పెరిగినా, వేరియబుల్స్ సంఖ్యని కూడా లెక్కలోకి తీసుకునే అడ్జస్టెడ్ ఆర్-స్క్వేర్డ్ 0.806 నుంచి 0.787కి పడిపోయింది. మోడల్ విండోలోనే 'టెస్ట్స్'లోకి వెళ్లి 'ఆమిట్ వేరియబుల్స్' ఎంచుకుని ఆ రెండు గదుల్నీ తీసేయమంటే ఎఫ్ విలువ 0.47 దగ్గర వస్తుంది. 5 శాతం స్థాయిలో దాటాల్సిన గీత 4.10. అది దాటలేదు కాబట్టి ఆ రెండూ లేకపోయినా మోడల్‌కి లోటు లేదు. మల్టీకోలినియారిటీ (వేరియబుల్స్ ఒకదానితో ఒకటి కలిసి కదలడం), ఎఫ్ పరీక్ష, 'మిగతావి స్థిరంగా ఉంటే' అన్న మాటకి అసలు అర్థం, ఈ మూడూ ఒకే విండోలో పది నిమిషాల్లో కళ్లకి కడతాయి. బోర్డు మీద గంటసేపు మాత్రికలు రాసినా ఇంత స్పష్టత రావడం కష్టం. ఈ ఒక్క గుణానికే గ్రెటల్‌కి పెద్ద పీట వెయ్యాలి.

సొంత డేటాకి వచ్చేసరికి అసలు మలుపు ఎదురవుతుంది. ఎక్సెల్ ఫైలు తెరవగానే గ్రెటల్ ఒక చిన్న పెట్టె చూపిస్తుంది: డేటాని తేదీల్లేని క్రాస్-సెక్షన్‌గా తీసుకున్నాను, టైమ్ సిరీస్‌గానో (ఒకే అంశం కాలక్రమంలో) ప్యానెల్‌గానో (చాలా యూనిట్లు, ఒక్కోదానికీ చాలా ఏళ్లు) మారుస్తారా అని అడుగుతుంది. తొందరలో 'నో' కొట్టేస్తారు. ఈ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే తప్పుల్లో చాలావరకు ఆ క్లిక్ దగ్గరే పుడతాయి. ఎందుకంటే ఆ జవాబుని బట్టే మెనూలు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. టైమ్ సిరీస్ అని చెప్పకపోతే ల్యాగ్‌లూ (వెనకటి కాలపు విలువలు) డిఫరెన్సులూ (ఒక కాలం నుంచి మరో కాలానికి తేడాలు) తీసే వీలుండదు. అంతకన్నా ప్రమాదకరమైనది కంటికి కనిపించదు. ఓఎల్ఎస్ (మామూలు లీస్ట్ స్క్వేర్స్ రిగ్రెషన్) పెట్టెలో 'రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్స్' అని ఒక గడి ఉంటుంది. అదే గడి డేటా రకాన్ని బట్టి మూడు వేరువేరు పనులు చేస్తుంది. క్రాస్-సెక్షన్ అయితే హెటెరోస్కెడాస్టిసిటీని లెక్కలోకి తీసుకునే హెచ్‌సీ1 ఎర్రర్లు ఇస్తుంది. టైమ్ సిరీస్ అయితే ఆటోకోరిలేషన్‌ని (ఒక కాలపు ఎర్రర్ తర్వాతి కాలపు ఎర్రర్‌తో ముడిపడటం) కూడా లెక్కలోకి తీసుకునే హెచ్‌ఏసీ ఎర్రర్లు, బార్ట్‌లెట్ కెర్నల్‌తో ఇస్తుంది. ప్యానెల్ అయితే యూనిట్ వారీ క్లస్టర్ ఎర్రర్లు. టైమ్ సిరీస్‌ని క్రాస్-సెక్షన్‌గా వదిలేసి ఆ గడిలో టిక్కు పెట్టినవాళ్లు థీసిస్‌లో 'రోబస్ట్ ఎర్రర్లు వాడాం' అని రాసుకుంటారు; ఆటోకోరిలేషన్ మాత్రం అలాగే ఉండిపోతుంది. వైవాలో గైడు ఫలితాల పట్టిక కింది నోటు చదివితే అప్పుడు బయటపడుతుంది. కాబట్టి ప్రతి అవుట్‌పుట్‌లోనూ కోఎఫిషియెంట్ల కంటే ముందు పైనున్న పంక్తులు చదవండి. 'ఎన్ని అబ్జర్వేషన్లు, ఏ కాలం, ఏ రకం స్టాండర్డ్ ఎర్రర్లు' అన్నది అక్కడ స్పష్టంగా రాసి ఉంటుంది. లాగ్ తీసినప్పుడు సున్నాలున్న వరసలు జారిపోతాయి. ఎన్ని వరసలు వదిలేసిందో కూడా అక్కడే చెబుతుంది.

రిజర్వ్ బ్యాంక్ వెబ్‌సైట్ నుంచి దించిన ఎక్సెల్ పట్టికలతో వేరే తంటాలుంటాయి. పైన శీర్షికలు, కింద నోట్లు, మధ్యలో కలిపేసిన గడులు. ఎన్నో వరస నుంచి, ఎన్నో కాలమ్ నుంచి చదవాలో గ్రెటల్ అడుగుతుంది గానీ, రెండంతస్తుల హెడింగులు దానికి అర్థం కావు. ఒకే వరసలో, ఇంగ్లిష్ అక్షరాలతో, ఖాళీల్లేకుండా, చిన్న పేర్లు పెట్టుకోండి. తెలుగు లిపిలో వేరియబుల్ పేరు పెడితే తీసుకోదు. లక్షల కామాలున్న అంకెల్ని అక్షరాలుగా తీసుకునే ప్రమాదం ఉంది, వాటిని ఎక్సెల్‌లోనే తీసేయండి. జవాబు రానిచోట 99 అనో 9999 అనో రాసే సర్వేల విషయంలో 'సెట్‌మిస్' కమాండ్‌తో ఆ అంకెని ఖాళీగా ప్రకటించాలి. లేకపోతే 99 ఏళ్లు చదువుకున్న మనుషులు మీ రిగ్రెషన్‌లోకి వచ్చేస్తారు.

మన ఆర్థిక సంవత్సరం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇండియా లెక్కల్లో మొదటి త్రైమాసికం ఏప్రిల్ నుంచి జూన్ వరకు. గ్రెటల్ క్యాలెండర్‌లో 2015:1 అంటే జనవరి నుంచి మార్చి. 2015-16 మొదటి త్రైమాసికాన్ని 2015:1గా ఎక్కించి, దాని పక్కన ముడి చమురు ధరనో అమెరికా వడ్డీ రేటునో పెడితే, రెండూ ఒక త్రైమాసికం తేడాతో నిలబడతాయి. ఎర్రర్ ఏదీ రాదు. అన్ని అంకెలూ బుద్ధిగా వచ్చేస్తాయి. ల్యాగ్ కోఎఫిషియెంట్లు మాత్రం వేరే కథ చెబుతాయి. దాన్ని 2015:2గా రాయాలి. జనవరి-మార్చి ఉండే నాలుగో త్రైమాసికం 2016:1 అవుతుంది. ఇంకొకటి: మన త్రైమాసిక జీడీపీ అంకెలు సీజనల్ అడ్జస్ట్‌మెంట్ లేకుండా వస్తాయి. 'యాడ్' మెనూలో 'పీరియాడిక్ డమ్మీస్' (ఆ త్రైమాసికమైతే 1, కాకపోతే 0 అయ్యే వేరియబుల్స్) నొక్కి మూడింటిని మోడల్‌లో పెట్టండి. నాలుగూ పెడితే కాన్‌స్టెంట్‌తో కలిసి డమ్మీ ఉచ్చులో పడతారు. గ్రెటల్ ఒకదాన్ని తనంతట తానే తీసేసి ఆ సంగతి చెబుతుంది గానీ, ఏది తీసిందో చూడకపోతే మిగతా మూడింటికీ అర్థం చెప్పలేరు.

సిరీస్ స్టేషనరీనా (సగటు, విస్తృతి కాలంతో మారకుండా ఉంటాయా) అని చూసే యూనిట్ రూట్ పరీక్షల దగ్గర నెమ్మదిగా నడవండి. వాటిలో ఒకటైన ఏడీఎఫ్ పరీక్ష పెట్టెలో గరిష్ఠ ల్యాగ్ ఒక సూత్రం ప్రకారం ముందే నింపి ఉంటుంది: అబ్జర్వేషన్ల సంఖ్యని 100తో భాగించి, దానికి నాలుగో మూలం తీసి, 12తో గుణించాలి. 100 అబ్జర్వేషన్లకి 12 ల్యాగ్‌లు. 40 ఏళ్ల వార్షిక డేటాకి లెక్క వేస్తే 9 వస్తుంది. ఉన్న 40లో 9 ల్యాగ్‌లు పెడితే పరీక్షలో పస ఉండదు, దాదాపు ప్రతి సిరీస్‌కీ 'యూనిట్ రూట్ ఉంది' అనే జవాబే వస్తుంది. గరిష్ఠం నుంచి తగ్గించుకుంటూ వచ్చే 'టెస్ట్ డౌన్' గడికి టిక్కు ఉంచండి. వార్షిక డేటాకైతే గరిష్ఠాన్నే మీ చేత్తో 3కో 4కో దించండి. కాన్‌స్టెంట్ లేకుండా, కాన్‌స్టెంట్‌తో, కాన్‌స్టెంట్ ట్రెండ్ రెండిటితో అన్న గడులన్నిటికీ టిక్కు పెట్టి, వచ్చిన వాటిలో నచ్చిన పీ-విలువ ఏరుకోవడం పరిశోధన కాదు. సిరీస్ గ్రాఫ్ ముందు గీసుకుని, అది పైకి ఎక్కుతూ ఉంటే ట్రెండ్‌తో, లేకపోతే కాన్‌స్టెంట్‌తో చెయ్యండి. పక్కనే ఉన్న కేపీఎస్ఎస్ పరీక్ష కూడా చేసి చూడండి. దాని నల్ హైపోథిసిస్ ఏడీఎఫ్‌కి సరిగ్గా తలకిందులు. ఇక్కడ పీ-విలువ చిన్నదైతే సిరీస్ స్టేషనరీ కాదని అర్థం. ఈ తేడా మరిచిపోయి రెండు పరీక్షలూ ఒకే మాట చెబుతున్నాయని రాసిన పట్టికలు థీసిస్‌లలో తరచూ కనిపిస్తాయి.

ఇన్‌స్ట్రుమెంటల్ వేరియబుల్స్ నేర్చుకోవడానికి దీన్ని మించిన చోటు లేదు. వూల్‌డ్రిజ్ పాఠ్యపుస్తకం డేటా సెట్లు గ్రెటల్ సర్వర్‌లో ఉన్నాయి, ఒకసారి దించుకుంటే చాలు. వాటిలో 'కార్డ్' అనే ఫైలు తెరవండి. డేవిడ్ కార్డ్ వాడిన అమెరికా డేటా అది, 3,010 మంది. చదువు ఒక ఏడాది పెరిగితే జీతం ఎంత పెరుగుతుందన్నది ప్రశ్న. నాలుగేళ్ల కాలేజీ దగ్గర్లో పెరిగారా లేదా అన్నది ఇన్‌స్ట్రుమెంట్ (చదువుని కదిలిస్తూ, జీతాన్ని చదువు ద్వారా తప్ప నేరుగా తాకదని భావించే వేరియబుల్). అనుభవం, జాతి, ప్రాంతం లాంటి కంట్రోల్స్‌తో ఓఎల్ఎస్ చేస్తే చదువు కోఎఫిషియెంట్ 0.075. టూ-స్టేజ్ లీస్ట్ స్క్వేర్స్‌లో అది 0.132కి పెరుగుతుంది, స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 0.003 నుంచి 0.055కి ఎగబాకుతుంది. ఇన్‌స్ట్రుమెంట్ వాడినందుకు కట్టే మూల్యం ఎంతో ఆ ఒక్క అంకె చెబుతుంది.

అక్కడ పెట్టెలో ఒక తిరకాసు ఉంది. 'ఇన్‌స్ట్రుమెంట్స్' గడిలో కాలేజీ వేరియబుల్ ఒక్కటీ పెట్టి ఊరుకుంటే గ్రెటల్ ఒప్పుకోదు, ఇన్‌స్ట్రుమెంట్లు చాలవంటుంది. మోడల్‌లో ఎక్సోజెనస్‌గా (ఎర్రర్‌తో సంబంధం లేనిదిగా) భావించే ప్రతి వేరియబుల్‌నీ, అనుభవం, దాని స్క్వేర్, మిగతా డమ్మీలు అన్నిటినీ, ఆ గడిలో కూడా మళ్లీ పెట్టాలి. స్టాటా అలవాటున్నవాళ్లకి ఇది అనవసరపు చాకిరీలా తోస్తుంది. సిద్ధాంతం చెప్పేది మాత్రం ఇదే: ఎక్సోజెనస్ వేరియబుల్ తనకు తానే ఇన్‌స్ట్రుమెంట్. ఆ మాటని చేతితో టైపు చేయించి మరీ నేర్పిస్తుంది గ్రెటల్. అవుట్‌పుట్ అడుగున హాస్‌మన్ పరీక్ష (ఓఎల్ఎస్ సరిపోతుందా అని చూసేది), మొదటి దశ ఎఫ్ విలువ అడక్కుండానే వస్తాయి. ఈ డేటాలో మొదటి దశ టీ విలువ 3.64, దాని స్క్వేర్ 13 పైచిలుకు. 10 అనే పాత కొలబద్ద దాటింది గానీ గుండె మీద చెయ్యి వేసుకుని పడుకునేంత కాదు.

ప్యానెల్ డేటాకి తెలుగు నేల మీదే చక్కటి ఉదాహరణ ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1975 నుంచి ఊళ్లలో కుటుంబాలను ఏటా వెంటాడి లెక్కలు రాసింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు వాటిలో ఉన్నాయి. ఊరికి 40 కుటుంబాలు: 30 సేద్యం చేసేవి, 10 కూలి మీద బతికేవి. రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా పత్రికలో రాసిన వ్యాసానికి ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలే ఆధారం; కరువొచ్చినప్పుడు ఊరు ఒకరినొకరు ఎంతవరకు ఆదుకుంటుందన్న ప్రశ్నకి ప్రపంచమంతా ఇప్పటికీ ఆ వ్యాసం దగ్గరికే వస్తుంది. ఇలాంటి డేటాని ఎక్కించేటప్పుడు 'డేటా' మెనూలో 'డేటాసెట్ స్ట్రక్చర్' తెరిచి, 'ప్యానెల్' ఎంచుకుని, కుటుంబం నంబరు, సంవత్సరం అనే రెండు సూచికలు చూపించాలి. ప్రతి ఊళ్లోనూ కుటుంబం నంబర్లు 1 నుంచే మొదలైతే ఔరేపల్లి 1వ కుటుంబం, డోకూరు 1వ కుటుంబం ఢీకొంటాయి. ఊరి కోడ్‌ని 1000తో గుణించి కుటుంబం నంబరు కలిపితే గొడవ ఉండదు. మధ్యలో కొన్నేళ్లు లేని కుటుంబాలకి గ్రెటల్ ఖాళీ వరసలు చేరుస్తుంది. మొత్తం వరసలు పెరిగాయని కంగారు పడొద్దు, రిగ్రెషన్‌లోకి అవి రావు.

ప్రతి కుటుంబానికీ దాని సొంత కాన్‌స్టెంట్ ఇచ్చే ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ ఫలితంలో రెండు ఆర్-స్క్వేర్డ్‌లు ఉంటాయి: ఎల్ఎస్‌డీవీ, వితిన్. మొదటిది తరచూ 0.8, 0.9 దాకా పోతుంది, ఎందుకంటే ప్రతి కుటుంబానికీ ఇచ్చిన డమ్మీల గొప్పతనం కూడా అందులో కలుస్తుంది. మీ వేరియబుల్స్ ఎంత చెప్పాయో తెలిపేది వితిన్. పేపర్‌లో రాయాల్సింది అదే. ఫిక్స్‌డ్ ఎఫెక్ట్సా, ర్యాండమ్ ఎఫెక్ట్సా అని తేల్చే హాస్‌మన్ పరీక్షని గ్రెటల్ రిగ్రెషన్ పద్ధతిలో చేస్తుంది కాబట్టి, మాత్రికల తేడా పద్ధతిలో ఒక్కోసారి వచ్చే నెగెటివ్ కై-స్క్వేర్ తలనొప్పి ఇక్కడ ఉండదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, సబ్మిషన్ ముందు రాత్రి మైనస్ కై-స్క్వేర్ చూసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది. క్లస్టర్ ఎర్రర్ల విషయంలో ఒక హెచ్చరిక: కుటుంబాలు వందల్లో ఉంటే సరే, ఊరి వారీగా క్లస్టర్ చేసి ఊళ్లు ఆరో పదో ఉంటే ఆ ఎర్రర్లు నిజం కన్నా చిన్నవిగా వస్తాయి, టీ విలువల్ని నమ్మకూడదు.

మౌస్‌తో క్లిక్ చేసి చేసిన పనికి రేపు ఆధారం ఉండదన్న భయం గ్రెటల్‌లో కొంత తగ్గుతుంది. 'టూల్స్'లో 'కమాండ్ లాగ్' తెరిస్తే మీరు నొక్కిన ప్రతి మెనూ ఏ కమాండ్‌గా మారిందో కనిపిస్తుంది. అది హాన్సల్ అనే దాని సొంత భాష. దాన్ని కాపీ చేసి స్క్రిప్ట్‌గా దాచుకోండి. రెండు నెలలు ఇలా చేస్తే కోడ్ రాయడం దానంతట అదే వచ్చేస్తుంది. ఫలితాలను వర్డ్‌లోకి ఒక్కొక్క అంకె టైపు చేసేవాళ్లు ఇంకా ఉన్నారు, దయచేసి మానేయండి. మోడల్స్‌ని సెషన్‌లో ఐకాన్లుగా దాచి, 'మోడల్ టేబుల్'లోకి లాగితే నాలుగు మోడల్స్ పక్కపక్కన కూర్చున్న పట్టిక తయారవుతుంది. లేటెక్‌లోకో వర్డ్‌లోకో నేరుగా వెళుతుంది.

ఇంత మెచ్చుకున్నాక దీని పరిమితులూ అంతే తెరిచి చెప్పాలి. నేషనల్ శాంపిల్ సర్వే లాంటి యూనిట్ డేటా మీద పీహెచ్‌డీ చేసేవాళ్లకి గ్రెటల్ ఒక్కటే చాలదు. స్థిర వెడల్పు టెక్స్ట్ ఫైళ్లను కాలమ్ స్థానాలు చెప్పి చదివించవచ్చు. కుటుంబం ఫైలునీ మనుషుల ఫైలునీ 'జాయిన్' కమాండ్‌తో కలపవచ్చు. ఇంటికి ఎంతమంది పిల్లలు, సగటు చదువు ఎంత అన్నవి లెక్కగట్టి తెచ్చే శక్తి దానికుంది. వెయిట్లతో రిగ్రెషనూ చేస్తుంది. స్ట్రాటా (శాంపిల్ తీసే ముందు చేసిన విభజనలు), మొదటి దశ యూనిట్లు రెండూ కలిసిన సర్వే డిజైన్‌ని పూర్తిగా లెక్కలోకి తీసుకునే ఏర్పాటు మాత్రం స్టాటాలోనూ ఆర్‌లోనూ ఉన్నంత సిద్ధంగా ఇందులో లేదు. డేటా అంతా ర్యామ్‌లోకి ఎక్కాలి కాబట్టి చిన్న ల్యాప్‌టాప్‌లో పెద్ద సర్వేలు బరువవుతాయి. వేరువేరు ఏళ్లలో అమలైన పథకాల మీద డిఫరెన్స్-ఇన్-డిఫరెన్సెస్ చేసే కొత్త పద్ధతులు ముందుగా ఆర్, స్టాటాల్లోనే వస్తాయి. ఉద్యోగ ప్రకటనల్లోనూ ఆ రెండు పేర్లూ, పైథానూ కనిపిస్తాయి గానీ గ్రెటల్ పేరు అరుదు. రెండో ఏడాదిలో ఆర్ మొదలుపెట్టక తప్పదు.

టైమ్ సిరీస్ వరకు మాత్రం వీఏఆర్, జొహాన్సెన్ కోఇంటిగ్రేషన్, గార్చ్ లాంటి పద్ధతులన్నీ లోపలే ఉన్నాయి. మాస్టర్స్ థీసిస్‌కి బయటికి వెళ్లే అవసరం రాదు. లేనివాటిలో కొన్ని 'ఫంక్షన్ ప్యాకేజెస్' సర్వర్ నుంచి దించుకోవచ్చు.

ఆర్‌కి మారేటప్పుడు కూడా దీన్ని పక్కన పడెయ్యక్కర్లేదు. హాన్సల్ స్క్రిప్ట్ మధ్యలో 'ఫారిన్' అని మొదలుపెట్టి భాష ఆర్ అని చెబితే, 'ఎండ్ ఫారిన్' దాకా రాసినదంతా ఆర్‌లో నడుస్తుంది. ఆర్ విడిగా ఇన్‌స్టాల్ అయి ఉండాలి. గ్రెటల్‌లో తెరిచి ఉన్న డేటాని అటు పంపమని కూడా ఆ మొదటి పంక్తిలోనే చెప్పాలి, లేకపోతే ఆర్ వైపు ఖాళీగా ఉంటుంది. మొదట ఒక సాదా ఓఎల్ఎస్‌ని రెండు వైపులా నడిపి చూడండి: కోఎఫిషియెంట్లు ఒకటే వస్తాయి. రోబస్ట్ ఎర్రర్లు తేడా వస్తే, ఆర్ ప్యాకేజీ హెచ్‌సీ3 వాడుతోందేమో, గ్రెటల్ హెచ్‌సీ1 వాడుతోందేమో చూడండి. సాధారణంగా తేడా అక్కడే దొరుకుతుంది.